దండాసి సీసా

ఆదివారం టికెట్లు చింపేది నేనే.
మనిషికి ఇరవై, హంస పడవకి యాభై.
గెడ్డకి అడ్డంగా ఎప్పుడో వేసిన మట్టికట్ట,
ఒక్క మడికీ తడి ఇవ్వలేదు.
ఏ దొరవారి వేట విడిదికో
ముందు నీళ్ళుంటే బాగుంటుందనిపించిందట.
ఇప్పుడు బరంపురం పిల్లలకి సెల్ఫీ.

దండాసి లస్కరు.
పొద్దున్నే కట్ట దిగువకి దిగుతాడు,
ఊట కారేచోట సీసా పట్టి
ఎండకి ఎత్తి చూస్తాడు,
పురిటిబిడ్డ కంటి పసుపు చూసే
మంత్రసానిలాగ.
"కట్టన్నాక ఊరుద్ది. ఊరనీ.
తేటగా ఊరితే బతికున్నట్టు.
మడ్డిగా ఊరిందా,
కడుపులో మట్టి పోతన్నట్టు."

తూము గోడ పగులు మీద
గాజుపలక అతికించి తారీఖు రాశాడు.
పలక విరిగితే గోడ కదిలినట్టు.
రెండు విరిగాయి.
మూడోది మా కిటికీ అద్దం ముక్కే.

నోటుబుక్కులు పదకొండు, అన్నీ తెలుగు.
పర్లాకిమిడి ఆఫీసులో చదివే నాథుడు లేడు,
ఒడియాలో ఇమ్మని తిప్పి పంపారు.
రంగు మాత్రం వేయించారు.
పిట్టగోడ పొడుగునా నెమళ్ళు.
పగులు మీదుగా ఒకదాని మెడ సాగింది,
ఫోటోల్లో బాగానే పడుతోంది.

భాద్రపదంలో ఏడురోజుల ముసురు.
ఎనిమిదోనాడు సీసాలో టీ రంగు.
మనవరాలు సుకాంతి చేత రాయించాడు:
గోళియా పాణి.
"ఎంత గోళియా తాతా?" అందా పిల్ల.
దానికి ఏ భాషలోనూ కొలత దొరక్క
సీసానే కాగితంలో చుట్టి
బస్సు డ్రైవరు చేతికిచ్చాడు.
జవాబు రాలేదు.
సీసా కూడా.

శనివారం రాత్రి
తూము తలుపు తిరిగిన కీచు
మా ఇంటిదాకా వినిపించింది.
తెల్లారేసరికి నా హంసలు ఆరూ
బురదలో, మెడలెత్తుకుని.
బస్సులొచ్చాయి, తిట్టాయి, పోయాయి.
ఫిర్యాదు కింద రెండో సంతకం నాది.

మెమో మూడ్రోజుల్లోనే వచ్చింది,
శుద్ధమైన ఒడియాలో.
"నీల్లెందుకు దించావని అడుగుతన్నారు తాతా."
ముసలాడు బీడీ ఆర్పాడు.
నా వైపు చూడనైనా లేదు.

ఇరవై రెండేళ్ళుగా కట్ట మీదే నించున్నవాణ్ణి,
ఆ సాయంత్రం దిగాను.
కింద సవరపల్లెలో పదిహేడు పొయ్యిల పొగ.
ఎవరో మేకని పేరుపెట్టి పిలుస్తున్నారు.
ఊట కాలికి చల్లగా తగిలింది.
మా వాళ్ళు విసిరేసిన కూల్‌డ్రింకు సీసా ఒకటి
కడిగి, నింపి, ఎత్తాను.

చూడ్డం నాకు రాదు.
చెయ్యి లాగుతున్నా
పట్టుకునే ఉన్నాను,
అడుక్కి ఏదో
దిగుతోంది.