ఎదురుగాలి పద్దు

రెండో నంబరు పంపు దగ్గర గొట్టం దూర్చి
వెర్లిన్ కుస్కా ఎప్పుడూ అదే మాట:
"నీ బండి పిచ్చుకలా తింటుంది, ఒప్పుకుంటా.
పిచ్చుక బరువే లాగుతుంది కూడా."

ఆర్డిత్ సోరమ్ బదులు పలికేది కాదు.
డాష్‌బోర్డు అరలోంచి
మూలలు నలిగిన నోటుపుస్తకం తీసి
తిరిగిన మైళ్ళు, పోసిన గ్యాలన్లు,
బండి మీద ఏముందో ఒక్క మాట,
గాలి ఎటునుంచో ఒక్క మాట.
పెన్సిల్ మళ్ళీ చెవి మీదికి.

పదకొండేళ్ళుగా ఇద్దరికీ చిల్లర లెక్కపెట్టేదాన్ని నేనే.
ఈ నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో
నా పంపు దాటితే ఇంకో పంపు నలభై మైళ్ళకి.
ఎవరి బండి దాహం ఎంతో
వాళ్ళ ఇంట్లోవాళ్ళకన్నా నాకే బాగా తెలుసు.

వెర్లిన్‌ది పెద్ద పికప్. ఎనిమిది సిలిండర్లు.
బానెట్ మీద దూడని పడుకోబెట్టొచ్చు.
ఆర్డిత్‌ది మధ్యరకం,
తలుపు మీద సొట్ట, వెనక అద్దానికి టేపు.

మార్చిలో ఒక మంగళవారం పందెం కుదిరింది.
ఓడినవాళ్ళు నా కౌంటర్లో చెర్రీ పై కొనాలి.
రెండు ట్యాంకులూ నా చేత్తోనే నింపాను,
గొట్టం మూడుసార్లు టక్కుమనేదాకా.

పొద్దున గాలి నిద్రలేవలేదు.
ఖాళీ బళ్ళతో వాలెంటైన్ వెళ్ళి వచ్చారు.
ఆమెకి గ్యాలన్‌కి ఇరవై నాలుగు.
అతనికి పంతొమ్మిది, ఆపైన కాస్త.
"ఐదు మైళ్ళు," అంది ఆర్డిత్.
ఆ రోజుకి ఆమె మాట్లాడింది అదే.

మధ్యాహ్నం చెరొక ట్రైలర్ తగిలించారు,
ట్రైలర్‌కి నాలుగు పెయ్యలు.
పోయేటప్పుడు ఉత్తరపు గాలి ముఖాన కొట్టింది.
వచ్చేటప్పుడు అదే గాలి, ఎవరు చెప్పారో ఏమో,
దక్షిణానికి తిరిగి మళ్ళీ ముఖానే కొట్టింది.
ఆఖరి దిబ్బ ఎక్కుతుంటే
చిన్న ఇంజను గొంతు చించుకోవడం
కొట్టులో కూర్చున్న నాకు వినబడింది.
పెద్దది మాత్రం
పాట నెమరేసుకుంటున్నట్టు వచ్చి ఆగింది.

ఆమెకి పది. అతనికి పదకొండు.

కంపెనీవాళ్ళు అద్దానికి అంటించే కాగితం మీద
ఆ దిబ్బా ఉండదు, ఆ గాలీ ఉండదు.

వెర్లిన్ గెలిచినట్టా ఓడినట్టా
నాకు అర్థం కాలేదు. నవ్వుతాడనుకున్నాను.
నోటుపుస్తకం అడిగి తీసుకుని
నిలబడే పేజీలు తిప్పాడు.
"ఏడాదిలో ట్రైలర్ కట్టింది పంతొమ్మిది రోజులేనా?"
"పంతొమ్మిదే."
"మరి నేను..." అని
కిటికీలోంచి తన బండి వైపు చూశాడు.

నేను కాఫీ మరకలు తుడవడం మొదలుపెట్టాను.
ఎందుకంటే ఆ ఎనిమిది పెయ్యలూ ఆర్డిత్‌వే.
కరువొచ్చిన ఏడు, రెండు శరత్తుల కిందట,
వెర్లిన్ మంద మొత్తం వేలంలో పోయింది,
ఎద్దుతో సహా, ఉప్పురాయి తొట్టితో సహా.
ఆ తర్వాత ఆ ఎనిమిది సిలిండర్లు
వారానికి రెండు ట్యాంకులు తాగి మోసిందల్లా
ఒక స్టెప్నీ టైరు,
తుప్పు పట్టిన కంచె తీగ చుట్ట,
లేని మంద.

పై డబ్బులు అతనే ఇచ్చాడు. ఆర్డిత్ వద్దనలేదు.
రెండు ముక్కలు తిని, చివర చెర్రీ గింజ ఒకటి
పళ్ళెం అంచున పెట్టి వెళ్ళింది.

వెర్లిన్ బండి అమ్ముతాడని ఊళ్ళో అనుకున్నారు.
అమ్మలేదు.
శుక్రవారం వచ్చి, నా దగ్గర స్టాండులో వేలాడే
చవకరకం నోటుపుస్తకం ఒకటి కొన్నాడు.
పెన్సిల్ నాదే అడిగాడు, తిరిగి ఇవ్వలేదు.
ట్యాంకు నిండేదాకా బానెట్ మీద వంగి
బడిపిల్లాడిలా గీతలు గీసుకున్నాడు.

చిల్లర ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను.
మైళ్ళు రాశాడు. గ్యాలన్లు రాశాడు.
గాలి: పడమర.
బరువు అన్న గడిలో
ఏదో రాసి, కొట్టేసి,
కింద మళ్ళీ చిన్నగా:
కుక్క.