తొమ్మిదితో భాగించు

మంగళవారం, గురువారం, సాయంత్రం ఆరున్నర.
మెర్సెడ్‌లో కమ్యూనిటీ కాలేజీ, పద్నాలుగో గది.
గుమ్మంలో ఆగి బూట్లకి పేడ లేదని చూసుకుంటాను.
ఆవుల్ని అమ్మేసి పదకొండేళ్ళయింది,
అలవాటుకి బేరం రాలేదు.

ముందు బెంచీలో యెసెన్యా, బాదం ఫ్యాక్టరీ నుంచి తిన్నగా,
జడలో ఇంకా పొట్టు.
పాఠం చెప్పే ఖాంగ్ మాస్టారు నా చిన్నవాడి ఈడు.
పద్దులు రాసిన అనుభవం ఎవరికైనా ఉందా, అన్నాడు మొదటిరోజు.
చెయ్యెత్తాను.
ముప్పై ఏళ్ళు బెటెన్‌కోర్ట్ డెయిరీ చిట్టా నా చేతిరాతే.
రెండే గళ్ళు: వచ్చింది, పోయింది.
డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి అంటే
పాలు పితకడానికి ఆవుకి ఏ పక్క కూర్చోవాలో
మా మావగారు చెప్పినట్టే ఉంది:
ఎందుకని అడక్కు, కూర్చో.

తరుగుదల పాఠం రోజు నవ్వాపుకోలేకపోయాను.
పుస్తకంలో పాడి ఆవుకి ఐదేళ్ళే ఆయుష్షు.
మా మిమోజా పద్నాలుగేళ్ళు బతికింది,
ఆఖరి మూడేళ్ళూ చుక్క ఇవ్వలేదు.
ఆ గడ్డి ఏ పద్దులో రాశానో చెప్పను.

నాలుగో వారం అంకణా కుదర్లేదు.
అటూ ఇటూ యాభై నాలుగు డాలర్ల తేడా.
మూడుసార్లు కూడాను.
నాలుగోసారి కాలిక్యులేటర్‌ని పోర్చుగీసులో తిట్టాను.
మాస్టారు వంగి చూసి,
"తేడాని తొమ్మిదితో భాగించండి."
ఆరు.
"శేషం లేకపోతే, బహుశా ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయి.
ఎవరూ ఏమీ తియ్యలేదు. చెయ్యి తొందరపడింది, అంతే."
ఎనభై రెండుకి ఇరవై ఎనిమిది వేశాను.

ఎవరూ ఏమీ తియ్యలేదు.
ఆ మాట కారెక్కి నాతో ఇంటికొచ్చింది.

గరాజ్‌లో పాత టైర్ల వెనక అట్టపెట్టె,
అందులో ఆఖరి ఏటి చిట్టా.
ఆ ఏడు ఐదువేల నాలుగొందలు తగ్గాయి.
దాణా మిల్లుకి నగదు పట్టుకెళ్ళేది మా మరిది ఎర్కులానో.
మా ఆయన బల్ల గుద్దాడు. నేను కాఫీ పోశాను.
ఎర్కులానో టోపీ తీసుకుని లేచాడు,
కప్పు ముట్టలేదు.
అన్న శవపేటిక మొయ్యడానికి కూడా పిలవలేదు వాణ్ణి.
చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని వెళ్ళిపోయాడు.

ఐదువేల నాలుగొందలు, తొమ్మిదితో.
ఆరువందలు. శేషం సున్నా.

తొమ్మిదితో పోయే దొంగతనాలూ ఉంటాయి, అనుకున్నాను.
అనుకుంటూనే పేజీలు తిప్పాను.
రెండు దాటాక దొరికింది, ఆగస్టు పందొమ్మిది.
మిల్లు రసీదు ఎనిమిదివేల రెండొందలు,
చిట్టాలో రెండువేల ఎనిమిదొందలు.
ఆ ఎనిమిది నాదే, ఎప్పుడూ కాస్త వెనక్కి వాలుతుంది.
రసీదు పదకొండేళ్ళుగా అదే పెట్టెలో ఉంది.
అడుగున.

చెరపకూడదంటాడు మాస్టారు.
తప్పు మీద ఒక్క గీత, కింది అంకె కనపడాలి.
పక్కన సరైనది, తేదీ, పొడి అక్షరాలు.
ఐ.బి. అని రాశాను. ఇల్డా అన్న పేరు
ఇంత చిన్నదని ఎప్పుడూ అనుకోలేదు.

శనివారం హిల్మార్ వెళ్ళాను.
ఎర్కులానో జాలీతలుపు వెనకనించి చిట్టా వంక చూశాడు,
నా వంక చూడలేదు.
అద్దాలు తెచ్చుకోవాలి, అని లోపలికెళ్ళాడు.
మెట్ల మీద నిలబడ్డాను, బరువు చంక మార్చుకుంటూ.
లోపల కుర్చీలు లాగిన చప్పుడు.
ఒకటా, రెండా,
లెక్కపెట్టలేకపోయాను.