నెమరు

నిద్రపట్టకపోతే గొర్రెల్ని లెక్కపెట్టుకోమంది
ఆసుపత్రిలో కొత్త నర్సు థోర్డిస్.
పట్నంలో పుట్టిన పిల్ల, పాపం.
నూట పద్నాలుగు గొర్రెలున్న మనిషికి
చెప్పే మాటేనా అది!

అయినా లెక్కపెట్టి చూశాను.
ఒకటి, గోల్సా. కిందటేడు కవలల్ని ఈని
ఒకదాన్ని దగ్గరికే రానివ్వలేదు.
రెండు, సుర్ట్లా. ముందుకాలు కుంటి.
మూడు, ఫ్లెక్కా. నిండు చూడిది,
రెండు రోజులై మేత ముట్టలేదు.
నాలుగోది దడి దూకనే లేదు,
దాని బదులు గడ్డిమోపుల లెక్క దూకింది,
వెనకే ట్రాక్టరు వాయిదా,
వెనకే బ్యాంకు ఉత్తరం, కవరుతో సహా.

ఏప్రిల్ నెలాఖరు. స్ట్రాండిర్ తీరాన
రాత్రి పదకొండైనా ఆకాశం ఆరిపోదు.
కిటికీకి దుప్పటి మేకులతో కొట్టాను,
అంచుల్లోంచి కారుతూనే ఉంది.
పక్కన ఒడ్డుర్ గురక.
ఆ విద్య కాస్త నాకూ నేర్పమంటే
"ఏముంది స్టెయిన్వోర్, కళ్ళు మూసుకోవడమే" అంటాడు,
పాతికేళ్ళుగా.

ఒంటిగంటన్నరకి లేచాను.
అతని స్వెట్టరు, నా రబ్బరు బూట్లు.
కొట్టంలో దీపం వెయ్యలేదు,
బకెట్టు బోర్లించి కూర్చున్నాను.

చీకట్లో నూట పద్నాలుగు దవడలు.
వానకి ముందు ఆకులు చేసే చప్పుడు లాంటిది.
పగలు ఆదరాబాదరా మింగిందంతా
పైకి తెచ్చుకుని నములుతున్నాయి.
పక్కమీద నేను చేసే పనీ ఇదే కదా!
కానీ అవి మళ్ళీ మింగుతాయి.
గొంతులో ఉండ ఒకటి కిందికి జారుతుంది.
తర్వాత కాసేపు,
ఇంకో ఉండ పైకి వచ్చేలోపు,
దవడ ఊరికే ఉంటుంది.
ఆ కాసేపు నాకెప్పుడూ లేదు.
నేను మింగను. బుగ్గన పెట్టుకుని
తెల్లారేదాకా అదే నములుతాను.

సరే, బ్యాంకు ఉత్తరం.
సోమవారం పదింటిదాకా అక్కడ మనిషే ఉండడు,
కుర్చీలు చీకట్లో కూర్చుని ఉంటాయి.
మింగేశాను.
గోల్సా దవడతోపాటు కాసేపు ఊరుకున్నాను.
గడ్డి. అవతలి లోయ ఎయ్నార్ నాకు ఐదు మోపులు బాకీ,
సిగ్గుపడకుండా అడగాలి.
మింగేశాను.
మళ్ళీ కాసేపు.

ఫ్లెక్కాది మాత్రం గొంతు దిగలేదు.
దడి దాటి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.
దవడ కదలడం లేదు.
చెవి పట్టుకు చూస్తే వెచ్చగానే ఉంది.
నీది నువ్వు నమలకపోతే ఎట్లాగే, అన్నాను.
అది నా వంక చూసిందో, గోడ వంకో.
ఊపిరి తీస్తోంది, వదులుతోంది,
దాని డొక్క నా మోకాలిని తోస్తోంది,
లోపల ఇంకెవరో కూడా తోస్తున్నారు,
ఒకసారి, ఇంకొకసారి,
లెక్కపెట్టాలని అనుకోలేదు

ఆరింటికి ఒడ్డుర్ వచ్చి లేపాడు.
చెంప మీద గడ్డి అచ్చు పడిందట.
నవ్వుతూనే ఉన్నాడు, నేను పట్టించుకోలేదు.
స్వెట్టరు చెయ్యి మోచేతి దగ్గర
తడిసి ఉంది.
ఎవరో కాస్త నమిలారు.