నిండా పోసి చూడాలి

రేపు వర్దవార్.
గ్యుమ్రీలో రేపు పొడిగా ఉండే హక్కు ఎవరికీ లేదు,
చర్చి ఫాదర్‌కీ, పోలీసుకీ,
కొత్త సూటు తొడుక్కున్న వాడికి అసలే లేదు.

షట్టరు సగం దించాక
కిందనుంచి దూరింది షుషానిక్,
మూడో అంతస్తు హ్రిప్సిమె కూతురు, తొమ్మిదేళ్లది.
చంకలో పచ్చ ప్లాస్టిక్ నీళ్ల తుపాకీ.
రెండు లీటర్ల ట్యాంకు. పిల్లకంటే అదే లావు.
"దీనికి భుజాన వేసుకునే పట్టీ కావాలి జిరాయిర్ తాతా.
ఒక చేత్తో బకెట్టు మోయాలి,
ఇంకో చేత్తో కటకటా పట్టుకుని మెట్లెక్కాలి.
మరి దీన్నెవరు మోస్తారు?"

న్యాయమైన ప్రశ్న.

తోలు వద్దన్నాను.
తోలు తడిస్తే సాగుతుంది,
ఎండితే బిగుసుకుని అలుగుతుంది, మా ఈడువాళ్లలాగ.
వెనక గదిలో తడిమితే దొరికింది
మా తమ్ముడి జిగులీ కారు సీటు బెల్టు.
కారు ఎప్పుడో తుక్కులో కలిసింది.
బెల్టు ఒక్కనాడైనా పెట్టుకున్న పాపాన పోలేదు వాడు.
కొత్తదనే అనాలి.

ఆరె తీశాను, పిడి పక్కన బెజ్జం పొడుద్దామని.
"తాతా! అది ట్యాంకు!"
నలభై ఏళ్ల పనితనం
ఒక్క కేకకి గాల్లో ఆగిపోయింది.

పొడవకూడదు. సరే.
సైకిలు ట్యూబు ముక్క కోసి
గొట్టం మెడకి తొడిగాను, పిల్లికి మేజోడులా,
జారకుండా.
దానిమీద బెల్టు ఒక చుట్టు, వెనక్కి మడిచి కుట్టు.
పిడి దగ్గర ఇంకో చుట్టు, ఇంకో కుట్టు.
మైనం పట్టించిన నారదారం,
సూది ఇటొకటి అటొకటి, దారం కొస పళ్ల మధ్య.
ఇంతే. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.

భుజాన వేసి చూస్తే నడుము దగ్గర చక్కగా అమిరింది.
"అయిపోయింది, ఇంక పో."
"నీళ్లు పోసి చూడవా?"

పోశాను, పంపు కింద పట్టి, నిండా.
తుపాకీ జర్రున మోకాళ్లదాకా దిగింది.
పిల్ల ఒక పక్కకి ఒరిగింది.
ఖాళీగా ఉన్నప్పుడు తీసిన కొలత
ఖాళీ కొలతే.
ఈ మాట నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ యుద్ధపు శరత్తులో
నా బల్లముందు కుర్రాళ్లు వరస కట్టారు, తుపాకీ పట్టీలతో.
కుట్టు ఊడిందని ఒకడు, పొడుగైందని ఒకడు.
డబ్బు తీసుకోలేదు, అందుకే లెక్కా రాసుకోలేదు.
బేకరీ వాళ్ల వారాజ్ది మాత్రం
జానెడు కత్తిరించాల్సి వచ్చింది.
"ఆ ముక్క పారెయ్యకు, వచ్చాక మళ్లీ అతికించు" అన్నాడు.
సొరుగులోనే ఉంది.
మేకులకోసం చెయ్యి పెట్టినప్పుడల్లా తగులుతుంది.

కుట్టు విప్పి మళ్లీ వేశాను.
ఈసారి పిల్ల నిండు తుపాకీ మోస్తూ నిలబడింది,
గస పెడుతూ, కదలకుండా, మహా బుద్ధిగా.
జానెడున్నర బెల్టు మిగిలింది.
కత్తెర అందించింది తనే.
"కొయ్యను" అన్నాను.
"ఎందుకు?"
"వచ్చే ఏడు పొడుగవుతావుగా."
మిగులు లోపలికి మడిచి, భుజం ఆనేచోట
మెత్తగా పరిచి కుట్టేశాను.

ఆదివారం షట్టరు ఎత్తీ ఎత్తకముందే
మొదటి దెబ్బ నాకే. చెవిలో.
రెండోది ఎదురింటి నల్లరాతి గోడకి, గురి తప్పి.
ఆ తరవాత వీధంతా కేకలు, బకెట్లు,
బాల్కనీలోంచి కుమ్మరించే ముసలమ్మలు,
వాటి మధ్య భుజాన ఊగుతూ ఆ పచ్చ తుపాకీ.

సోమవారం హ్రిప్సిమె వచ్చింది.
కౌంటరు మీద తెల్ల చొక్కా పరిచింది.
భుజంనుంచి నడుముదాకా
ఏటవాలుగా ఒక నల్ల గీత.
బెల్టు రంగు దిగింది.
ముప్పై ఏళ్లకి మొదటిసారి స్నానం చేసింది మరి.

"ఇది పోతుందా, పోదా?"

"నిమ్మకాయ రుద్ది చూడు" అన్నాను.
పోతుందని మాత్రం అనలేదు.