గార

పాత ఇనప గొట్టం కోసేటప్పుడు
రంపం మొదట కీచుమంటుంది,
ఆ తర్వాత మెత్తబడి
సుద్దముక్కలో నడిచినట్టు నడుస్తుంది.
రెండంగుళాల గొట్టంలో
చిటికెనవేలు పట్టేంత సందు మిగిలుంటుంది.
తక్కిందంతా గార.

ముప్పయ్యేళ్ళు అదే నా పని.
వెలిగండ్ల, హనుమంతునిపాడు, పామూరు దారి
నేను ఎత్తని మోటారు లేదు, దించని గొట్టం లేదు.
"బోరు ఎండిపోయింది మాలకొండయ్యా" అని వచ్చేవాళ్ళు.
నీళ్ళుండాయి అబ్బయ్యా,
నీళ్ళకి దారి లేదు, అనేవాణ్ణి.
కోసిన ముక్కను బండ మీద బోర్లించి కొడితే
తెల్లటి పెచ్చులు రాలేవి.
కోళ్ళు పరిగెత్తుకొచ్చి ఏరుకునేవి.

ఇప్పుడు సోమ, బుధ, శుక్ర
కనిగిరిలో మూడో నంబరు మంచం నాది.
నాలుగు గంటలు నా నెత్తురు బయటికి పోయి
తిరిగి నాలోకొస్తుంది.
మిషనుకి ఎన్నిసార్లు కడిగిన నీళ్ళు కావాలో
దాని వెనకాల ట్యాంకులు చూసి నాకే తెలిసిపోయింది.
నేను తాగిన నీళ్ళని
ఎవరూ ఒక్కసారి కూడా కడగలేదు.

మొన్న చేతికి ఎక్స్‌రే తీశారు.
డాక్టరమ్మ దాన్ని కిటికీకి ఆనించి పట్టుకుంది.
ఎముకలు కనపడాల్సిన చోట మసక మసకగా ఉన్నాయి.
కనపడకూడని నాళాలు మాత్రం
మణికట్టు నించి వేళ్ళ దాకా
జంట గీతలై తెల్లగా.
గొట్టం అంచులు.
ఆమె ఫాస్ఫరస్ అంది, కాల్షియం అంది,
గుండె తలుపు కూడా బిరుసెక్కింది అంది,
మాట వెతుక్కుంటోంది పాపం.
"గారేగదమ్మా" అన్నాను.
కాసేపు నా మొహం చూసి
"గారే" అంది.

"కోసి మార్చలేరా?"
"గొట్టం మార్చలేం. ఇంకా పట్టకుండా చూసుకోవాలి."
నేనూ ఎంతమందికి చెప్పలేదు ఈ మాట,
డబ్బుల్లేని ఇళ్ళ ముందు నిలబడి.

"సున్నంలోకి ఎముక మిగలదు రా" అని
మా నాయన బెత్తం తీసేవాడు.
ఎముక మిగల్లేదు నాయనా.
సున్నం మిగిలింది,
నెత్తురు దారిలో ఇల్లు కట్టుకుంది.

కంచంలో ఊరగాయ ఉండే చోట
ఇప్పుడు రవణమ్మ మూడు మాత్రలు పెడుతుంది.
ముద్ద ముద్దకీ మధ్యలో నమలాలి.
పెరుగు లేదు, పప్పు కొలత, నీళ్ళు కొలత.
నలభై నాలుగు డిగ్రీల ఎండలో
లీటరు సీసా మీద ఆమె గీసిన పెన్ను గీత
మధ్యాహ్నానికే కిందికి జారిపోతుంది.

పక్క మంచం పెంచలయ్య మేకల బేరగాడు.
సీతారామపురం నించి తెల్లారుగట్ల బస్సుకొచ్చేవాడు.
సూది గుచ్చితే మేకలాగా అరిచి
తనే నవ్వేవాడు.
"శని, ఆదివారాలు జాగ్రత్త, రెండ్రోజుల ఎడం.
గుండె మీద బరువు పడేది అప్పుడే"
ప్రతి శుక్రవారం టెక్నీషియన్ మస్తానమ్మ చెప్పే మాట,
మేము తలూపే మాట.
ఒక సోమవారం బస్సు వచ్చింది.
మస్తానమ్మ అప్పటికే నాలుగో మంచం మిషను కడిగి
గొట్టాలు బిగించి పెట్టింది.
ఏడయింది. ఎనిమిదయింది.
ఫోను ఎత్తింది అతని కోడలు.
రాత్రి నిద్రలోనే, అంది.
మస్తానమ్మ గొట్టాలు విప్పుతుంటే
ఎవరం అటు చూడలేదు.
పదింటికి ఆ మంచానికి కొత్తాయన వచ్చాడు,
పొలం మట్టి ఇంకా వదలని కాళ్ళతో.

ఆదివారం రాత్రుళ్ళు నాకు నిద్ర రాదు.
ఎడమ మోచేతి దగ్గర కుట్టిన నాళం
చీకట్లో గుయ్యిమంటుంది.
శబ్దాన్ని బట్టి మోటారు ఎన్నాళ్ళుంటుందో
ఊళ్ళో వాళ్ళకి చెప్పినవాణ్ణి,
దీన్ని మాత్రం చెవి దగ్గర పెట్టుకోను.
రవణమ్మే పెట్టుకుంటుంది.
"ఏమంటోంది?" అంటాను.
"తిరుగుతోంది, పడుకో" అంటుంది.

కిటికీలో ఒక గొట్టం ముక్క దాచాను,
గార నిండింది, నేను కోసిన ఆఖరిది.
మనవరాలు దాన్ని కంటికి పెట్టుకుని
ఆ సందులోంచి నన్ను చూస్తుంది.
ఆ సందులోంచే, తల్లీ,
కొత్త గొట్టం వేసేదాకా
ఒక వీధి వీధంతా
బిందెలు నింపుకునింది.