ఏ పాపం చేస్తే

ఫాదర్ అనిసెతో ఒక వాక్యం చెప్పి ఆగుతాడు.
నేను దాన్ని తుర్కానాలో చెప్పి ఆగుతాను.
పదకొండేళ్ళుగా ఇదే నా కొలువు.
నెలకి బస్తా మొక్కజొన్న పిండి, రెండు సబ్బులు,
ఉపదేశి అనే పిలుపు.

ఆ ఆదివారం నోవహు కథ.
గుడి అంటే తుమ్మచెట్టు.
గంట అంటే కొమ్మకి వేలాడే లారీ చక్రం రిమ్ము.
దాని కింద నలభైమంది మనుషులు,
నిలబడే ఓపికున్న మేకలు తొమ్మిది.
నాలుగో ఏడూ వాన మొహం చాటేసింది.

"నలభై పగళ్ళు, నలభై రాత్రులు"
అన్నాడు ఫాదర్, వేళ్ళతో గాల్లో చినుకులు రాలుస్తూ.
చెప్పాను.
ఎక్కడో ఒక పిల్ల పెదాలు చప్పరించింది.
"కొండలు మునిగిపోయాయి."
చెప్పాను.
చెక్కపీటల మీద తలలు ఆన్చి పడుకున్న మగవాళ్ళు
లేచి కూచున్నారు.
"ఊపిరున్న ప్రతిదీ..."
అక్కడ గొంతు తగ్గించాడు, భయం పుట్టాలని.
నేనూ తగ్గించాను.
భయం పుట్టలేదు.

నవోయ్ ముసలమ్మ చెయ్యెత్తింది.
మెడ సన్నబడి
పూసల దండలు వదులై కిందికి జారి ఉన్నాయి.
"ఆ ఊరివాళ్ళు ఏ పాపం చేశారో
వివరంగా అడుగు, లోకెరిస్.
మేమూ చేస్తాం."

నవ్వారు.
ఆ చెట్టు కింద నవ్వు విని ఎన్నాళ్ళయిందో.
నవ్వనివాళ్ళు కొందరున్నారు,
తమవల్ల అయ్యే పనేనా అని
లెక్కలేసుకుంటున్నారు.

ఫాదర్ నా వైపు తిరిగాడు: ఏమంటోంది?
నా నాలుక మీద రెండు భాషలు,
రెంటికీ తడి లేదు.
"ఓడ ఎంత పొడవని అడుగుతోంది" అన్నాను.
ఆయన మొహం వెలిగిపోయింది.
మూడొందల మూరలన్నాడు, చెయ్యి చాచి
మోచేతి దాకా కొలిచి మరీ చూపించాడు.
ఆ మూరల్ని నేనిలా తర్జుమా చేశాను:
"పాపమేమిటో ఆయనకీ సరిగ్గా తెలీదట."

ఎండ వాలాక నది దగ్గరికి వెళ్ళాం.
నది అంటే ఇసుక.
ఇసుకలో నాలుగు నిలువుల చెలమ.
ఒకరి భుజాలెక్కి ఒకరు నిలబడితే
అడుగునున్న మనిషి చెంబు పైకొస్తుంది.
ఆ అడుగు మనిషి ఇప్పుడు ఫాదర్.
మిషన్ తవ్వించిన బోరులో ఉప్పునీళ్ళు పడ్డప్పట్నుంచి
ఆదివారాలు ఆయనే దిగుతున్నాడు.
దిగమని ఎవరూ అనలేదు.
బొజ్జ రెండుచోట్ల ఇరుక్కుంటుంది,
ఇసుక నెత్తిన రాలుతుంది,
కింద్నించి దగ్గూ దేవుడి పేరూ కలిసి వినిపిస్తాయి.

పైకొచ్చిన ఐదో చెంబు
నవోయ్ మనవరాలికి.
పుట్టి ఆరు రోజులు. జ్ఞానస్నానం.
"పేరు?"
"అకీరు."
మా భాషలో వాన అని.
వాన పడుతుంటే పుట్టిన ఆడపిల్లకి పెట్టే పేరు.
నాలుగేళ్ళుగా ఎవరికీ పెట్టలేదు.
ఆ మాత్రం తుర్కానా ఫాదర్‌కీ వచ్చు.
"వానలో పుట్టిందా?" అన్నాడు, ఆకాశంకేసి చూసి.
"లేదు," అంది ముసలమ్మ.
"రోజూ పేరు పెట్టి కేకేస్తాం.
ఏదో ఒకరోజు పలక్కపోతుందా."

దీన్ని నేను ఉన్నదున్నట్టు చెప్పాను.
ఆయన ఏమీ అనలేదు.
బురద అంటిన వేళ్ళతో మూడుసార్లు
పిల్ల మాడు మీద నీళ్ళు వంచాడు.
తల కింద తల్లి దోసిలి పట్టింది.
ఒక్క బొట్టు నేల పాలు కాలేదు.
పిల్ల పేరుని మోసిన ఆ నీళ్ళే
తల్లి తాగింది, పాలు పడతాయని.

రాత్రి మిషన్ వరండాలో
లాంతరు ముందు కూచున్నాడు ఫాదర్.
ఆ మూరల సంగతి ఒప్పుకుందామని వెళ్ళాను.
గడప దగ్గరే ఆగిపోయాను.
గోళ్ళలో ఇసుక తీసుకుంటూ ఆయన
"ఇవాళ ప్రసంగం బాగా ఎక్కింది కదూ" అన్నాడు.
"ఎక్కింది ఫాదర్" అన్నాను.

పొద్దుట్నుంచి ఇది మూడో అబద్ధం.
అబద్ధం కూడా పాపమే కదా.
బయటికొచ్చి
అరచెయ్యి చాపి చూశాను.