మునగాల్సిన దీవి

మంగళవారం మొదటి పడవకి దిగుతాను.
రేవు వెనక నల్లరాతి ఇల్లు, తీసే ఉన్న తలుపు.
కుక్క నన్ను చూసి మొరగడం మానేసి ఏడాదైంది,
ఇంటి మనుషుల్లో కలిపేసుకుంది.
బెలర్మీనో ఇంకా కలుపుకోలేదు.
ఎడమకాలు స్టూలు మీదికి చాపి
మొహం కిటికీ వైపు తిప్పుకుంటాడు,
కాలు నాదీ మొహం తనదీ అన్నట్టు.

ముప్పై ఎనిమిదేళ్లు పికో నుంచి ఫయాల్‌కి
జనాన్నీ ఆవుల్నీ దాటించిన సరంగు.
నిలబడీ నిలబడీ
చీలమండ దగ్గర నెత్తురు వెనక్కెక్కే దారి మరిచింది.
పద్నాలుగు నెలల పుండు.
కట్టు విప్పితే ముందు వాసన వస్తుంది, తరవాత సిగ్గు.
"కిటికీ తెరు, గ్రసియేత్" అంటాడు
తెరిచే ఉందని తెలిసీ.

పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి అంచు గీస్తాను.
తేదీ వేస్తాను. ఫైల్లో పెడతాను.
ఆవేళ ఎందుకో ఫైల్లో పెట్టలేదు, అతని ఒళ్లో పెట్టాను.
కళ్లజోడు అడిగాడు.
చాలాసేపయ్యాక,
"ఈ ముక్కు దగ్గర లోతెక్కువా?"
"ఎక్కువే."
"ఇటు పక్క మెరక. ఇక్కడ పడవ ఆనదు."
అప్పుడు కిందికి చూశాడు, తన కాలి వైపు,
పొగమంచులో తీరం వెతికినట్టు.

ఆ తరవాత పెన్ను అతనిదే.
చెయ్యి వణికి గీత వంకరపోతే
ఇది రికార్డుకి పనికిరాదంది మా పెద్ద నర్సు.
ఎక్కించాను.

కట్టు కట్టడం నేర్పుదామని కూచున్నాను:
వేళ్ల మొదట్లో మొదలెట్టి, మడమ వదలకుండా,
మోకాలి కిందిదాకా, ప్రతి చుట్టూ పాత చుట్టుని సగం కప్పుతూ...
నవ్వాడు.
మూలనున్న తెడ్డు తెచ్చి పిడికి చుట్టిన తాడు చూపించాడు.
సగం మీద సగం. ఒక్క సందు లేదు.
ఇరవై రెండేళ్ల నర్సుని, ఆ పూట నేనే నేర్చుకున్నాను.

"మానుతుందా?"
ఈ మాటకి రెండు తలుపులు.
పుండు మానాలి. మనిషి కొన్ని మానాలి.
ఏవి మానాలో నా సంచిలో అచ్చేసిన కాగితం ఉంది.
సాయంత్రం పడవ వచ్చే వేళ రేవులో నిలబడటం మానలేడని
ఆ కాగితానికి తెలీదు.
బేరమాడాం.
చేపల పెట్టె బోర్లించి కూర్చోవడానికొకటి,
కాలికింకొకటి.
అందరూ చూస్తారన్నాడు.
చూడనీ అన్నాను.

ఆగస్టు పండక్కి కట్టు విప్పేశాడు.
తెడ్డు పందెంలో మోకాలి లోతు ఉప్పునీళ్లు.
మంగళవారం నోటిదాకా వచ్చింది నాకు, మింగాను.
పెన్ను ఇచ్చాను.
గీస్తూ గీస్తూ పాత అంచు దాటి పోయి
చెయ్యి ఆగింది.
"పెరిగింది" అన్నాడు.
నేనేమీ అనలేదు. సబ్బూ గోరువెచ్చటి నీళ్లూ తెచ్చుకున్నాడు.

చలికాలానికి దీవి గోరంతైంది.
గోడ మీద వరసగా కాగితాలు,
ఒక్కోదాన్లో ఒక రేవు తక్కువ.

జనవరిలో తుఫాను. మూడు మంగళవారాలు పడవ లేదు.
ఈ ఒడ్డున సంచి సర్దుకుని
ఎదురుగా పికో మబ్బులో కనిపించీ కనిపించక.
ఫోను.
"ఉత్తరం అంచు ఎర్రగా ఉంది, గ్రసియేత్.
తాకితే వెచ్చన. రాత్రి నొప్పి. వాసన లేదు.
ఎరుపు చుట్టూ పెన్నుతో గీశాను,
పొద్దుటికి గీత దాటింది, అగ్గిపుల్ల మందం.
కాలు పైనే పెట్టాను."
"ఇక్కడికి కాదు, అక్కడి డాక్టర్ని పిలువు. ఇప్పుడే."
"పొద్దున్నే పిలిచాను.
నీకు చెబుదామని చేశాను, అంతే."

అతని వెనక కుక్క మొరిగింది,
గుమ్మంలోకెవరో కొత్తమనిషి వచ్చినట్టు.